కాయిన్ తెచ్చినవాణ్ని ఊరు ఎందుకు నమ్మాలి?

క్రిప్టో, అంటే కంప్యూటర్ లెక్కల్లోనే ఉండే డబ్బు, పుట్టిందే నమ్మకం మీద అనుమానంతో. 2008 అక్టోబర్ 31న సతోషి నకమోటో పేరుతో ఒక తొమ్మిది పేజీల పత్రం వచ్చింది. ఇద్దరి మధ్య డబ్బు చేతులు మారడానికి బ్యాంకు లాంటి మూడో మనిషిని నమ్మక్కర్లేదు, లెక్క అందరి దగ్గరా ఉంటే చాలు అన్నది దాని సారాంశం. ఆ ఉమ్మడి లెక్క పుస్తకాన్నే బ్లాక్‌చెయిన్ అంటున్నారు. ఆ సతోషి ఎవరో ఈ రోజుకీ తేలలేదు. అయినా 2009 జనవరి 3న మొదలైన బిట్‌కాయిన్ నడుస్తూనే ఉంది.

మరి ఆ తర్వాత వచ్చిన కాయిన్ల వాళ్లలో చాలామంది హోటల్ హాల్లో మీటింగ్ పెట్టి, కోటు తొడుక్కుని స్టేజీ ఎక్కి, "మమ్మల్ని నమ్మండి" అని ఎందుకు చెప్పుకోవాల్సి వస్తోంది? చాలా టోకెన్లలో, అంటే ఇలా తయారుచేసి అమ్మే డిజిటల్ కాయిన్లలో, నమ్మాల్సిన అవసరం పోలేదు కాబట్టి. అది చోటు మారిందంతే. బ్యాంకు మేనేజర్ బదులు కోడ్ రాసినవాణ్ని నమ్మాలి. డబ్బున్న వాలెట్ (కాయిన్లు ఉండే డిజిటల్ ఖాతా) తాళం ఎవరి దగ్గరుందో వాళ్లని నమ్మాలి. టీమ్ తనకోసం పక్కన పెట్టుకున్న కాయిన్లని ఒక్క రాత్రిలో మార్కెట్లో కుమ్మరించదని నమ్మాలి. "బ్లాక్‌చెయిన్ కదా, మోసం జరగదు" అనే మాట ఈ మూడింటినీ కప్పేస్తుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంజినీరింగ్ చదివి బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్న కుర్రాళ్లకి కొదవలేదు. వాళ్లలో కొందరికి "మన ఊరికి పనికొచ్చేది మనమే చేద్దాం" అనిపించడం సహజం. ఈ వ్యాసం అలాంటివాళ్ల కోసం. రేపు వాళ్లు ఎవరిని డబ్బు అడుగుతారో ఆ ఊరివాళ్ల కోసం కూడా.

మన వైపు నమ్మకం ఎలా నడుస్తుంది

డబ్బు దగ్గర మనవాళ్లు ముందు కాగితం చూడరు, మనిషిని చూస్తారు. దాన్ని అమాయకత్వం అనడానికి నేను ఒప్పుకోను. బ్యాంకుకి వెళ్లాలంటే ఒక పూట పని మానుకోవాల్సిన చోట, చేబదులు మాత్రం పక్కింట్లోనే దొరికే చోట, మనిషిని అంచనా కట్టగలగడమే అసలు విద్య. కిరాణా కొట్టులో ఖాతా రాయించుకోవడం దగ్గర్నుంచి చీటీ కట్టడం దాకా అన్నీ ఆ అంచనా మీదే నడుస్తాయి. "ఎవరి అబ్బాయి?" అన్నదానికి జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే.

మోసం చేసేవాళ్లు పట్టుకున్నదీ సరిగ్గా దీన్నే. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ వ్యవహారం ఎవరూ మర్చిపోయి ఉండరు. పలు రాష్ట్రాల్లో 32 లక్షల మంది దాకా డిపాజిటర్లు, 6 వేల కోట్ల రూపాయలకు పైగా డబ్బు. మన జిల్లాల్లో కట్టినవాళ్లలో ఎంతమంది ఆ కంపెనీ లెక్కలు చూసి కట్టారు? ఏజెంటుని చూసి కట్టారు. ఆ ఏజెంటు మేనత్త కొడుకో, పక్క వీధిలో ట్యూషన్ చెప్పే మాస్టారో అయి ఉంటాడు. కంపెనీ చెల్లింపులు ఆపేశాక జనం ముందు నిలదీసిందీ అతన్నే. 10 వేల లోపు కట్టినవాళ్లకి 2019లో, 20 వేల లోపు వాళ్లకి 2021లో రాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. అంతకు మించి కట్టినవాళ్ల ఆశలు కోర్టు కేసుల చుట్టూ, జప్తు చేసిన భూముల చుట్టూ తిరిగాయి.

క్రిప్టో పేరు పెట్టుకుని వచ్చిన స్కీములు ఇదే దారిలో నడిచాయి. బల్గేరియాకి చెందిన రుజా ఇగ్నాతోవా 2014లో మొదలుపెట్టిన వన్‌కాయిన్‌కి అసలు పనిచేసే బ్లాక్‌చెయినే లేదు. కంప్యూటర్‌లో వాళ్లు టైప్ చేసిన అంకెలే కాయిన్లు. అయినా ప్రపంచమంతటా 400 కోట్ల డాలర్లకు పైగా రాబట్టారు. 2017 అక్టోబర్‌లో ఆమె మాయమైంది, 2022లో ఎఫ్‌బీఐ తన టాప్ టెన్ నేరస్థుల జాబితాలో పెట్టింది. ట్రేడింగ్ రోబో ఉందని చెప్పి లాభాలు పంచిన బిట్‌కనెక్ట్ 2018 జనవరిలో బోర్డు తిప్పేసింది. ఈ రెండింటిలోనూ జనం చేతికి వచ్చింది టెక్నాలజీ ఏమీ కాదు, ఇంకొకర్ని చేర్పిస్తే వచ్చే కమీషన్.

అందుకని నిజాయితీగా ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లు మొట్టమొదట తీసుకోవాల్సిన నిర్ణయం కోడ్‌కి సంబంధించింది కాదని నా అభిప్రాయం. చేర్పించినవాళ్లకి కమీషన్ ఇవ్వకూడదు. ఒక్క రూపాయి కూడా. కమీషన్ పెట్టారంటే మీరు ఊళ్లో చుట్టరికాలని అద్దెకి తీసుకున్నట్టే. "మనోడే కదా, ఏటవుద్ది" అని కట్టిన డబ్బు మీ ప్రాజెక్టు మీద నమ్మకంతో వచ్చింది కాదు, వాళ్ల అల్లుడి మీద నమ్మకంతో వచ్చింది. ప్రాజెక్టు పోతే మీరు ఫోన్ నంబర్ మార్చుకుంటారు. అల్లుడు ఆ ఇంటికి పండక్కి వెళ్లాలి. పైగా మనుషుల్ని చేర్పించడం మీదే డబ్బు తిరిగే స్కీములని 1978 నాటి చట్టమే నిషేధించింది. కాయిన్ అని పేరు పెట్టినంత మాత్రాన అది తప్పిపోదు.

జీడిపిక్కల టోకెన్ ఒకటి అనుకుందాం

ఎచ్చెర్లలో చదువుకున్న ముగ్గురు స్నేహితులకి ఒక ఆలోచన వచ్చిందనుకుందాం. ఉద్దానంలో జీడి రైతు వేసవిలో పిక్క చేతికి రాగానే అప్పుల ఒత్తిడితో వచ్చిన ధరకి అమ్మేస్తాడు. కొన్ని నెలలు ఆగగలిగితే మంచి ధర రావచ్చు, కానీ ఆగే శక్తి లేదు. కాబట్టి పలాసలో ఒక గోదాం తీసుకుని, రైతు తెచ్చిన ప్రతి 80 కిలోల బస్తాకి ఒక టోకెన్ ఇస్తారు. డబ్బు కావాల్సినప్పుడు రైతు టోకెన్ అమ్ముకోవచ్చు. కొన్నవాళ్లు బస్తా తీసుకోవచ్చు, లేదా ధర పెరిగేదాకా టోకెన్ ఉంచుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది.

ఇందులో బ్లాక్‌చెయిన్ ఏం చూడగలదు? ఎన్ని టోకెన్లు పుట్టాయి, ఏ వాలెట్ నుంచి ఏ వాలెట్‌కి వెళ్లాయి అనేది పక్కాగా చూపిస్తుంది. దాన్ని ఎవరూ దిద్దలేరు. కానీ గోదాంలో బస్తా నిజంగా ఉందా, పిక్క ఎండిందా లేదా, అదే సరుకుని ఇంకోచోట తాకట్టు పెట్టారా అన్నది దానికి తెలియదు. అవన్నీ గోదాం తాళం దగ్గర, తూకం కాటా దగ్గర తేలాల్సిన సంగతులు. మనిషి తప్పుడు లెక్క రాస్తే బ్లాక్‌చెయిన్ దాన్ని చెరిగిపోకుండా దాస్తుంది, అంతకుమించి ఏమీ చేయదు. బంగారం, భూమి, బియ్యం ఏ వస్తువు వెనకున్న టోకెన్‌కైనా ఈ సమస్య తప్పదు. ఊళ్లో ఉపన్యాసం ఇచ్చేటప్పుడు అందరూ దాటేసేదీ దీన్నే.

ఇంకో ప్రశ్న ఉంది, ఇది ఇంకా ఇబ్బంది పెట్టేది. ఈ పనికి అసలు టోకెన్ కావాలా? గోదాముల చట్టం 2007లోనే వచ్చింది. ఆ చట్టం కింద నమోదైన గోదాంలో సరుకు పెడితే ఎలక్ట్రానిక్ రసీదు ఇస్తారు, దాని మీద బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు. ఆ ఏర్పాటులో లేనిది మీ టోకెన్‌లో ఏముంది? నమోదైన గోదాం దగ్గర్లో లేదనో, చిన్న రైతు తెచ్చే నాలుగు బస్తాలకి ఎవరూ రసీదు రాయడం లేదనో మీరు ఊరూరా తిరిగి కనుక్కుని చెబితే అది జవాబు. "కాయిన్ రేటు పెరుగుతుంది" అన్నది జవాబు కిందికి రాదు. తిరిగి చూశాక మామూలు సాఫ్ట్‌వేర్ చాలనిపిస్తే దాంతోనే సరిపెట్టుకోవడం మంచిది. అలా సరిపెట్టుకున్నవాళ్ల మాటకి రేపు ఊళ్లో విలువ ఉంటుంది.

పంపకం దగ్గరే బండారం బయటపడుతుంది

టోకెన్ కావాల్సిందే అని తేలిందనుకోండి. అప్పుడు తెలిసినవాళ్లు ముందు అడిగేది పంపకం గురించి. మొత్తం ఎన్ని, అందులో మీకెన్ని, ఎప్పుడు అమ్ముకోవచ్చు?

బిట్‌కాయిన్‌కి 2.1 కోట్ల హద్దు ఉంది, ముందుగా ఎవరి పేరునా కాయిన్లు రాసిపెట్టుకోలేదు. సాఫ్ట్‌వేర్ బయటపెట్టాకే మైనింగ్, అంటే కంప్యూటర్లతో లెక్కలు నడిపి కొత్త కాయిన్లు సంపాదించే పని, నడిచింది. ఇథీరియం అనే ఇంకో బ్లాక్‌చెయిన్ వేరే దారి పట్టింది. 2014లో జనానికి సుమారు 6 కోట్ల ఈథర్ (దాని కాయిన్) అమ్మి, మరో 1.2 కోట్లు మొదట్లో పనిచేసినవాళ్లకి, ఫౌండేషన్‌కి పెట్టుకున్నారు. అంటే తొలి మొత్తంలో ఆరో వంతు. అది దాచలేదు కాబట్టి, కొనేవాళ్లు తెలిసే కొన్నారు. టీమ్ వాటా తీసుకోవడం తప్పు కాదని ఆ ఉదాహరణ చెబుతుంది. ఎంత తీసుకున్నారు, ఎక్కడ ఉంది, ఎప్పటిదాకా కదలదు అన్నది కనిపించాలి.

కదలకుండా ఉంచే ఏర్పాటుని వెస్టింగ్ అంటారు. ఉదాహరణకి టీమ్ వాటా నూటికి పదిహేను అనుకుంటే, మొదటి ఏడాది ఒక్క టోకెన్ కూడా చేతికి రాదు, ఆ తర్వాత మూడేళ్ల పాటు నెలనెలా కొంచెం వస్తుంది. ఈ గడువు బ్రోచర్‌లో రాస్తే దానికి విలువ లేదు. టీమ్ తర్వాత మనసు మార్చుకున్నా కుదరకుండా కాంట్రాక్ట్‌లో, అంటే బ్లాక్‌చెయిన్ మీద నడిచే కోడ్‌లో రాయాలి. ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో ఎక్స్‌ప్లోరర్ అనే వెబ్‌సైట్లలో ఎవరైనా చూడొచ్చు. అక్కడా ఒక మెలిక ఉంది. ఒకే మనిషి వంద వాలెట్లు తెరవగలడు కాబట్టి, వంద మంది చేతుల్లో ఉన్నట్టు కనిపించేది ఒక్కడిదే కావచ్చు. అందుకే టీమ్ తన వాలెట్లు ఏవో ముందే ప్రకటించాలి.

కొనడం, అమ్మడం జరగాలంటే ఒక పూల్ కావాలి. అందులో ఒకవైపు మీ టోకెన్లు, ఇంకోవైపు అసలు విలువున్న డబ్బు ఉంటాయి. జనం కొనేకొద్దీ ఆ డబ్బు పెరుగుతుంది. పూల్ పెట్టినవాడు ఒక రోజు ఆ డబ్బంతా లాక్కుని పోతే మిగిలినవాళ్ల చేతుల్లో ఎవరూ కొనని టోకెన్లు మిగులుతాయి. దీన్నే రగ్ పుల్ అంటున్నారు. పూల్ డబ్బుని ఇన్నేళ్లదాకా తీయలేకుండా తాళం వేయడం దీనికి విరుగుడు. 2021లో ఒక కొరియన్ వెబ్ సిరీస్ పేరు వాడుకుని వచ్చిన టోకెన్ కథ ఇంకా ఘోరం. కొన్నవాళ్లలో చాలామంది అమ్ముకోలేకపోయారు. అమ్మకాలకి అడ్డుపడే షరతులు అందులో పెట్టారు. అమ్మేవాళ్లు లేకపోతే రేటు పైకే కదా వెళ్తుంది. 2,800 డాలర్లు దాటిన ధర నవంబర్ 1న నిమిషాల్లో సున్నాకి దగ్గరైంది, తయారుచేసినవాళ్లు 30 లక్షల డాలర్లకు పైగా పట్టుకుపోయారు. రేటు గ్రాఫ్ చూసి మురిసిపోయేవాళ్లు ఒకసారి కొంచెం అమ్మి చూసుకుంటే తెలిసిపోయేది.

తాళం ఎవరి చేతిలో

మన ఊళ్లలో పొదుపు సంఘం ఖాతాలోంచి డబ్బు తీయాలంటే ఏం జరుగుతుందో ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. సంఘం కూర్చోవాలి, తీర్మానం రాయాలి, లీడర్లు ఇద్దరూ సంతకం పెట్టాలి. లీడరు మంచిదా చెడ్డదా అన్న చర్చే రాదు. ఎంత మంచిదైనా ఒక్కతే వెళ్లి తీయలేదు. వచ్చింది, పోయింది, ఎవరికి అప్పిచ్చారు అన్నది మీటింగ్‌లో అందరి ముందూ చదువుతారు. క్రిప్టోలో మల్టీసిగ్ అని పిలిచే వాలెట్ చేసేదీ ఇదే పని. ఐదుగురి దగ్గర తాళాలుంటాయి, కనీసం ముగ్గురు ఒప్పుకుంటేనే డబ్బు కదులుతుంది. మన జీడిపిక్కల టోకెన్‌లో ఆ ఐదుగురూ స్నేహితులే అయితే అది ఉత్త వేషం. ఒక రైతు, ఒక ప్రాసెసింగ్ యూనిట్ యజమాని, సంఘం నుంచి ఒక మహిళ, వాళ్లతో పాటు ఇద్దరు స్నేహితులు ఉంటే దానికొక అర్థం ఉంటుంది.

అయితే ఇక్కడే ఒక జాగ్రత్త. సంతకాలు ఎక్కువైతే భద్రత దానంతటదే రాదు. 2024 జులై 18న క్రిప్టో కొని అమ్ముకునే మన దేశపు ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లు, అంటే దాదాపు 2 వేల కోట్ల రూపాయల క్రిప్టో పోయింది. అది పలువురు సంతకాలు పెడితే తప్ప కదలని వాలెట్ నుంచే పోయింది. స్క్రీన్ మీద కనిపించిన లావాదేవీ ఒకటి, వాళ్ల సంతకం పడింది ఇంకోదాని మీద. సంతకం పెట్టేవాళ్లకి తాము దేని మీద పెడుతున్నామో విడిగా సరిచూసుకునే దారి ఉండాలి. రైతుని తెచ్చి తాళం చేతిలో పెట్టి "ఇక్కడ నొక్కు మావా" అంటే ఆయన ఉన్నా లేనట్టే. నేర్పించడానికి నెలలు పడుతుంది. ఆ నెలలు ఖర్చు పెట్టే ఓపిక లేకపోతే ఊరి మనిషి పేరు వాడుకోకూడదు.

కోడ్‌లో చూడాల్సినవి కొన్నే, కానీ ముఖ్యమైనవి. కొత్త టోకెన్లు పుట్టించే అధికారం ఎవరికైనా ఉందా? ఒకరి వాలెట్‌ని స్తంభింపజేసే అధికారం ఉందా? మొత్తం కోడ్‌నే మార్చే వీలుందా? ఉండటంలో తప్పు లేదు. తప్పు దొరికితే సరిదిద్దుకోవడానికి ఒక్కోసారి ఉండాలి కూడా. ఆ అధికారం వాడాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో కోడ్‌లోనే పెడితే, నచ్చనివాళ్లు ఆ లోపల బయటపడొచ్చు. ఆడిట్ రిపోర్ట్ గురించి ఒక్క మాట: ఫలానా రోజు ఉన్న ఫలానా కోడ్‌ని చూశాం, ఈ లోపాలు కనిపించాయి అని చెప్పేదే ఆడిట్. యజమాని మంచివాడని అది చెప్పదు, గోదాంలో బస్తాలు లెక్కపెట్టదు.

చట్టం దగ్గర తడబడితే

మన దేశంలో క్రిప్టో నిషేధం కాదు, అలాగని చట్టబద్ధమైన కరెన్సీ కూడా కాదు. బ్యాంకులు క్రిప్టో వ్యాపారాలకి సేవలు అందించకూడదని రిజర్వ్ బ్యాంక్ 2018లో ఇచ్చిన సర్క్యులర్‌ని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభాల మీద 30 శాతం పన్ను, అదే ఏడాది జులై నుంచి అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్ వచ్చాయి. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. 2023 మార్చి 7 నుంచి ఈ వ్యాపారం చేసేవాళ్లు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చారు. పన్ను కడుతున్నాం కాబట్టి ప్రభుత్వం ఒప్పుకున్నట్టే అని స్టేజీ మీద చెప్పేవాళ్లున్నారు. పన్ను వేయడం వేరు, హామీ ఉండటం వేరు. బ్యాంకు మునిగితే డిపాజిట్‌కి 5 లక్షల దాకా బీమా ఉంది, టోకెన్‌కి అలాంటిదేమీ లేదు.

మన కుర్రాళ్లు అన్నిటికంటే భయపడాల్సింది 2019లో వచ్చిన అక్రమ డిపాజిట్ల నిషేధ చట్టానికి. "ఇంత పెట్టండి, ఏడాదికి ఇంత కలిపి తిరిగిస్తాం" అన్నారంటే అది టోకెన్ అయినా, కాయిన్ అయినా డిపాజిట్ తీసుకున్నారన్న కేసు మీదకి రావచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా ఆ హామీ నిలబడేది కాదు. టెర్రా అనే ప్రాజెక్టు ఏడాదికి 20 శాతం దాకా వడ్డీ ఇస్తానంది. 2022 మేలో రోజుల వ్యవధిలో దాని విలువలో వేల కోట్ల డాలర్లు ఆవిరయ్యాయి. వాళ్ల కోడ్ అందరికీ కనిపించేదే, తయారుచేసినవాళ్ల పేర్లూ తెలుసు. ఆ వడ్డీ ఎక్కణ్నుంచి వస్తోంది అన్న ప్రశ్నకి మాత్రం గట్టి జవాబు లేదు. "ఏటి బాబూ, ఆ డబ్బు ఎవులిస్తారు?" అని కవిటిలో ఒక ముసలమ్మ అడిగితే, ఆమెకి అర్థమయ్యేలా ఒక్క వాక్యంలో చెప్పలేని రాబడి గురించి మాట్లాడకపోవడమే మేలు.

అడిగేవాణ్ని దగ్గర పెట్టుకోవాలి

టెలిగ్రామ్ గ్రూపులో 20 వేల మంది ఉన్నారని గొప్పలు చెప్పుకునే ప్రాజెక్టులు చాలానే ఉన్నాయి. సభ్యుల సంఖ్య కొనుక్కోవచ్చు. ఉచితంగా టోకెన్లు పంచితే వచ్చినవాళ్లు, పంచడం ఆగగానే వెళ్లిపోతారు. గ్రూపులో ఎవరైనా ఇరుకున పెట్టే ప్రశ్న అడిగితే ఏం జరుగుతుందో చూడండి. ప్రశ్న మాయమై, అడిగినవాణ్ని తీసేస్తే మిగతా ఏమీ చదవక్కర్లేదు. ప్రతి ఊళ్లోనూ ప్రతిదానికీ వంక పెట్టే మనిషి ఒకాయన ఉంటాడు. మన ముగ్గురు స్నేహితులు ముందు వెళ్లాల్సింది ఆయన ఇంటికే. ఆయన కొనక్కర్లేదు. గోదాం తాళం ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకుని బస్తాలు లెక్కపెట్టుకునే హక్కు ఆయనకివ్వాలి, ఆ లెక్కని మార్చకుండా అందరికీ చూపించాలి.

చెడు వార్త చెప్పే తీరు కూడా ముందే అనుకోవాలి. 2016 జూన్‌లో ఇథీరియం మీద నడిచిన ద డావో అనే నిధి కోడ్‌లో లోపం పట్టుకుని ఒకరు 36 లక్షల ఈథర్ లాగేశారు. దాన్ని వెనక్కి తేవాలా, కోడ్ ఏం చెబితే అదే చెల్లాలా అన్నది రహస్యంగా తేల్చలేదు. వారాల తరబడి బహిరంగంగా పోట్లాడుకున్నారు. జులైలో ఎక్కువమంది వెనక్కి తెచ్చే దారి పట్టారు, ఒప్పుకోనివాళ్లు పాత చెయిన్‌ని ఇథీరియం క్లాసిక్ పేరుతో నడుపుకున్నారు. ఎవరిది ఒప్పు అన్నది ఇప్పటికీ వాదనే. కానీ ఏం జరిగిందో తెలియక చీకట్లో ఉండిపోయామని ఎవరూ అనలేకపోయారు.

ఇక మన టోకెన్‌ మూతపడితే ఏం చేయాలన్నది. చాలా ప్రాజెక్టులు మోసంతో కాదు, నీరసంతో చచ్చిపోతాయి. డబ్బు అయిపోతుంది, ఒకడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తుంది, ఇంకొకడికి పెళ్లవుతుంది. ఆ రోజు గోదాంలో మిగిలిన బస్తాలు ఎవరివి? నిల్వ అద్దె బాకీ ఎవరు కడతారు? టోకెన్ పట్టుకున్నవాళ్లు ఎన్ని రోజుల్లోపు వచ్చి సరుకు తీసుకోవాలి, రానివాళ్ల సరుకు అమ్మితే డబ్బు ఏ ఖాతాలో ఉంటుంది? ముందు రైతు బాకీ, తర్వాత కొన్నవాళ్లది, ఆ తర్వాత గోదాం అద్దె, అన్నీ తీరాక మిగిలితేనే టీమ్‌కి అన్న వరస తెలుగులో, ఒక పేజీలో రాసి, ఆ ఖర్చుకి సరిపడా డబ్బు మల్టీసిగ్‌లో పక్కన పెట్టాలి. మొదటి బస్తా గోదాంలోకి రాకముందే.